ఆసుపత్రి తారీఖు మరవొద్దు

అమలాపురం కోనసీమలో పెద్ద ఊరు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ కొత్త జిల్లా అయింది. అమలాపురం జిల్లా కేంద్రం అయింది. అంతకు ముందు జిల్లా పనులన్నిటికీ కాకినాడ వెళ్లేవారు.

అల్లవరం, ఉప్పలగుప్తం, అంబాజీపేట, అయినవిల్లి, ముమ్మిడివరం వైపు నుంచి రోజూ ఎంతో మంది అమలాపురం వస్తారు. కొబ్బరికాయల బేరానికి వస్తారు. బట్టలు కొనడానికి వస్తారు. ఆసుపత్రికి వస్తారు. ఆసుపత్రికి వచ్చే వాళ్లలో షుగరు జబ్బు ఉన్నవాళ్లు చాలామంది ఉంటారు.

షుగరు జబ్బునే మధుమేహం అంటారు. చక్కెర వ్యాధి అని కూడా అంటారు. ఇది ఒకప్పుడు పట్నం జబ్బు అనుకునేవారు. ఇప్పుడు పల్లెల్లోనూ ఉంది. పొలం పని చేసే వాళ్లకూ వస్తోంది. భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా పరిశీలన చేయించింది. ఆ లెక్కలు 2023లో బయటికి వచ్చాయి. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి షుగరు ఉందని తేలింది.

ఈ జబ్బు ఉన్నవాళ్లకు డాక్టరుగారు ఒక తారీఖు ఇస్తారు. ఆ రోజు మళ్లీ రమ్మంటారు. చాలామంది ఆ తారీఖున వెళ్లరు. ఎందుకు వెళ్లరు? వెళ్లకపోతే ఏమవుతుంది? సెల్‌ఫోనుకు వచ్చే చిన్న మెసేజీ ఇందులో ఎలా సాయపడుతుంది? ఈ పాఠంలో తెలుసుకుందాం.

షుగరు నొప్పి పెట్టదు

జ్వరం వస్తే ఒళ్లు కాలుతుంది. పన్ను పుచ్చితే నొప్పి పుడుతుంది. వెంటనే ఆసుపత్రికి పరుగెడతాం. షుగరు అలా కాదు. నొప్పి పెట్టదు. రక్తంలో చక్కెర ఎక్కువైనా మనిషి మామూలుగానే తిరుగుతుంది. వంట చేస్తుంది. కూలికి వెళుతుంది.

కాని లోపల నష్టం జరుగుతూనే ఉంటుంది. ఎక్కువైన చక్కెర రక్తనాళాలను పాడు చేస్తుంది. నరాలను పాడు చేస్తుంది. కంటి చూపు తగ్గుతుంది. మూత్రపిండాలు దెబ్బ తింటాయి. గుండెపోటు వచ్చే ప్రమాదం పెరుగుతుంది. పాదాలకు స్పర్శ పోతుంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు. చెప్పు కరిచినా తెలియదు. పుండు పడి ముదిరిపోతుంది. వేలు తీసేయాల్సి రావచ్చు. ఒక్కోసారి కాలే తీసేయాల్సి వస్తుంది.

ఇవన్నీ ఒక్క రోజులో జరగవు. ఏళ్ల తరబడి మెల్లగా జరుగుతాయి. ముందే కనిపెడితే చాలావరకు ఆపవచ్చు. అందుకే తారీఖు.

ఆ తారీఖున ఏం చేస్తారు?

వేలి నుంచి గాని, చేతి నుంచి గాని రక్తం తీస్తారు. చక్కెర ఎంత ఉందో చూస్తారు. పరగడుపున చూసినప్పుడు 126 గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే అది షుగరు జబ్బు కింద లెక్క. మరోసారి చూసి ఖాయం చేస్తారు. మూడు నెలల సగటు చెప్పే రక్త పరీక్ష కూడా ఉంది. ముందు రోజు అన్నం మానేస్తే మామూలు పరీక్షలో అంకె తగ్గవచ్చు. మూడు నెలల పరీక్ష దగ్గర ఆ ఎత్తు సాగదు.

బి.పి. చూస్తారు. పాదాలు చూస్తారు. మందు సరిపోతోందో లేదో చూస్తారు. చాలకపోతే పెంచుతారు. ఎక్కువైతే తగ్గిస్తారు. ఏడాదికి ఒకసారి కళ్లు చూపించుకోవాలి. మూత్రపిండాల పరీక్ష కూడా ఏడాదికి ఒకసారి చేయించుకోవాలి.

అయిపోయిన మాత్రలు మళ్లీ ఇచ్చేది కూడా ఆ రోజే. తారీఖు తప్పితే మాత్రలూ తప్పుతాయి.

తారీఖు ఎందుకు తప్పుతుంది?

ఆడవాళ్లు చెప్పే కారణాలు చాలా ఉన్నాయి. అన్నీ నిజమైనవే.

"మరిచిపోయాను" అంటుంది ఒకామె. నెల తరవాతి తారీఖు ఎవరికి గుర్తుంటుంది?

"కోతల రోజులు. ఒక రోజు కూలి పోతుంది" అంటుంది ఇంకొకామె.

"ఒంట్లో బాగానే ఉంది. ఎందుకు వెళ్లడం?" అంటుంది మరొకామె.

"తోడు వచ్చేవాళ్లు లేరు. మా ఆయన కువైట్‌లో ఉన్నాడు. అబ్బాయికి తీరిక లేదు."

"ఇంట్లో పెళ్లి. పూతరేకులు తిన్నాను. షుగరు పెరిగి ఉంటుంది. డాక్టరుగారు తిడతారని భయం."

లంక ఊళ్లలో మరో కష్టం ఉంది. గోదావరి పొంగితే దారి మూసుకుపోతుంది. 2022 జులైలో పెద్ద వరద వచ్చింది. కోనసీమలో ఎన్నో లంక ఊళ్లు నీట మునిగాయి. జనం పడవల మీద తిరిగారు. అలాంటి రోజుల్లో తారీఖు గుర్తున్నా వెళ్లడం కష్టం.

ఈ కారణాల్లో మొదటిదానికి మందు సులువు. అది మరుపు. ముందు రోజు ఎవరైనా గుర్తు చేస్తే చాలు.

అత్తా కోడలు

ఈ సంభాషణ చదవండి. ఇద్దరు చేరి చదివితే ఇంకా బాగుంటుంది.

కోడలు : అత్తయ్యగారూ, కాలు కుంటుతున్నారేంటండీ?

అత్త : ఏం లేదమ్మా. బొటనవేలి కింద కాస్త కమిలింది. పసుపు పెట్టాను.

కోడలు : ఏదీ, చూపించండి. అయ్యో, చీము పట్టిందండీ! నొప్పి లేదా?

అత్త : నొప్పి లేదు. అందుకే పట్టించుకోలేదు.

కోడలు : ఆసుపత్రి తారీఖు ఎప్పుడండీ?

అత్త : పోయిన నెల 12 అనుకుంటా. వెళ్లలేదు. గుర్తు చేస్తామన్నారు. ఎవరూ గుర్తు చేయలేదు.

కోడలు : ఏ ఫోను నంబరు ఇచ్చారు?

అత్త : నాకు ఫోను ఎక్కడిది? మనవడి నంబరు ఇచ్చాను.

కోడలు మనవడిని పిలిచింది. ఫోను చూపించమంది.

మనవడు : అవునమ్మా, వచ్చింది. ఏదో ప్రకటన అనుకున్నాను. క్రికెట్ చూస్తూ పక్కకి తోసేశాను. ఇదిగో, ఇంకా ఉంది.

అత్త : ఇలా తేరా. నేను చదువుతాను.

ఆమె ఫోను దూరంగా పట్టుకుంది. ఒక్కో అక్షరం కూడబలుక్కుంది. "12... సో...మ...వారం. షుగర్... పరీక్ష. పర...గడుపున... రండి. మందుల... చీటీ... తెండి."

ఆమె కాసేపు మాట్లాడలేదు.

అత్త : నా కోసమే వచ్చింది. నా దాకా రాలేదు.

కోడలు : రేపే వెళ్దామండీ. తారీఖు దాటిందని ఆగొద్దు. పుండు ఆగదు కదండీ.

అత్త : డాక్టరుగారు కోప్పడతారేమో?

కోడలు : కోప్పడితే పడనీయండి. కాలు పోవడం కంటే మాట పడటం మేలు.

మర్నాడు ఇద్దరూ పొద్దున్నే బస్సెక్కారు. డాక్టరుగారు పుండు కడిగి కట్టు కట్టారు. మందు రాశారు. రోజూ కట్టు మార్పించుకోమన్నారు. చెప్పుల్లేకుండా నడవొద్దన్నారు. "ఇంకా ఆలస్యం చేస్తే వేలు తీయాల్సి వచ్చేది" అన్నారు. తిరిగి వచ్చే ముందు కోడలు చీటీలు రాసే చోటికి వెళ్లింది. తన ఫోను నంబరు కూడా రాయించింది.

మెసేజీ నిజంగా పని చేస్తుందా?

సెల్‌ఫోనుకు మొదటి మెసేజీ 1992 డిసెంబరు 3న బ్రిటన్‌లో వెళ్లింది. అది క్రిస్మస్ శుభాకాంక్షలు చెప్పే మెసేజీ. తరవాత అది లోకమంతా పాకింది. కబుర్లకు వాడారు. వ్యాపారానికి వాడారు. మెల్లగా ఆసుపత్రులూ వాడటం మొదలుపెట్టాయి.

వేరు వేరు దేశాల్లో దీన్ని పరీక్షించి చూశారు. ఆ పరిశీలనలను కలిపి 2013లో లెక్క కట్టారు. షుగరుకే కాదు, రకరకాల వైద్యాలకు తారీఖు ఇచ్చిన వాళ్ల లెక్క అది.

ఎవరూ గుర్తు చేయకపోతే 100 మందిలో దాదాపు 68 మంది వచ్చారు.
మెసేజీ పంపితే 100 మందిలో దాదాపు 79 మంది వచ్చారు.
ఫోను చేసి మాట్లాడితే 100 మందిలో దాదాపు 80 మంది వచ్చారు.

ఈ లెక్క చూస్తే రెండు సంగతులు తెలుస్తాయి. ఒకటి, మెసేజీ వల్ల 100కి దాదాపు 11 మంది అదనంగా వచ్చారు. అది చిన్న మేలు కాదు. రెండు, మెసేజీ పంపినా 21 మంది రాలేదు. వాళ్లకు మరుపు ఒక్కటే కారణం కాదు. కూలి, బస్సు చార్జీ, తోడు, భయం ఇవన్నీ ఉంటాయి. వాటిని మెసేజీ తీర్చలేదు. ఇంట్లో వాళ్లు తీర్చాలి. ఆసుపత్రి వాళ్లు తీర్చాలి.

మన దేశంలో కూడా మెసేజీలతో ఒక మంచి పరిశీలన జరిగింది. చెన్నైలోని డాక్టరు ఎ. రామచంద్రన్, ఆయన తోటివారు చేశారు. షుగరు వచ్చే సూచన ఉన్న 537 మందిని తీసుకున్నారు. కొందరికి ఫోనులో తరచుగా మెసేజీలు పంపారు. ఏం తినాలి, ఎంత నడవాలి అని వాటిలో ఉండేది. మిగతావారికి మొదట్లో సలహా చెప్పి ఊరుకున్నారు. రెండేళ్లు గడిచాయి. మెసేజీలు అందని వాళ్లలో 100కి 27 మందికి షుగరు వచ్చింది. మెసేజీలు అందిన వాళ్లలో 18 మందికే వచ్చింది. ఈ ఫలితం 2013లో బయటికి వచ్చింది.

అయితే ఒక మాట గమనించాలి. ఆ 537 మందీ ఉద్యోగాలు చేసే మగవాళ్లే. ఎవరి ఫోను వాళ్ల జేబులో ఉండేది. ఆడవాళ్ల సంగతి అలా లేదు.

మెసేజీని ఇతర దేశాలూ వాడుకున్నాయి. ఆఫ్రికాలో సెనెగల్ అనే దేశం ఉంది. అక్కడ 2014లో రంజాన్ ఉపవాసాల రోజుల్లో షుగరు ఉన్నవాళ్లకు జాగ్రత్తలు చెబుతూ మెసేజీలు పంపారు. మన దేశ ప్రభుత్వం 2016లో షుగరు గురించి మెసేజీలు పంపే పథకం మొదలుపెట్టింది.

ఫోను ఎవరి చేతిలో ఉంది?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే 2019 నుంచి 2021 వరకు జరిగింది. దేశంలో 100 మంది ఆడవాళ్లలో 54 మందికే సొంతంగా వాడుకునే ఫోను ఉందని తేలింది. ఫోను ఉన్న ప్రతి 100 మందిలో మెసేజీ చదవగలిగిన వాళ్లు 71 మంది.

అంటే ఆసుపత్రి మెసేజీ చాలా ఇళ్లలో కొడుకు ఫోనుకో, భర్త ఫోనుకో వెళుతుంది. వాళ్లు చదివి చెబితే సరి. చెప్పకపోతే ఆ మెసేజీ వచ్చినా రానట్టే.

అందుకని నంబరు ఇచ్చేటప్పుడు ఆలోచించి ఇవ్వాలి. సొంత ఫోను ఉంటే ఆ నంబరే ఇవ్వాలి. లేకపోతే ఇంటి దగ్గర ఉండే వాళ్ల నంబరు ఇవ్వాలి. గల్ఫ్‌లో ఉన్న మనిషి నంబరు ఇస్తే లాభం ఏముంది? కోడలు నంబరు ఇవ్వవచ్చు. నమ్మకమైన పక్కింటామె నంబరు ఇవ్వవచ్చు. డ్వాక్రా సంఘం తోటి సభ్యురాలి నంబరు ఇవ్వవచ్చు. ముందు ఆమెను అడిగి ఇవ్వాలి. సిమ్ము మారిస్తే ఆసుపత్రిలో కొత్త నంబరు రాయించాలి.

ఇంకో సంగతి. తమకు షుగరు ఉందని నలుగురికీ తెలియడం కొందరికి ఇష్టం ఉండదు. అది వాళ్ల ఇష్టం. జబ్బు పేరు రాయకుండా తారీఖు మాత్రమే పంపమని ఆసుపత్రిలో అడగవచ్చు.

తెలుగు మెసేజీ

చాలా మెసేజీలు ఇంగ్లీషులో వస్తాయి. తెలుగు చదవడం వచ్చిన ఆడవాళ్లకు కూడా అవి పనికి రావు. తెలుగులో ఎందుకు పంపరు? దీనికి ఒక చిక్కు ఉంది.

ఒక మెసేజీలో ఇంగ్లీషు అక్షరాలైతే 160 పడతాయి. తెలుగు అయితే 70 మాత్రమే పడతాయి. పైగా ఫోను లెక్క వేరు. మన లెక్కలో "అమ్మ" అంటే రెండు అక్షరాలు. ఫోను లెక్కలో నాలుగు. గుణింతం గుర్తు విడిగా లెక్కకు వస్తుంది. వత్తు కూడా విడిగా వస్తుంది. ఖాళీ చోటు కూడా ఒకటి కిందే లెక్క. 70 దాటితే రెండో మెసేజీ అవుతుంది. పంపేవారికి ఖర్చు పెరుగుతుంది.

అయినా పొందిగ్గా రాస్తే సరిపోతుంది. ఇది చూడండి.

12 సోమవారం షుగర్ పరీక్ష. పరగడుపున రండి. మందుల చీటీ తెండి.

ఫోను లెక్కలో ఇది 57. ఇంకా 13 మిగిలింది. తారీఖు ఉంది. వారం ఉంది. ఎందుకో ఉంది. ఎలా రావాలో ఉంది. ఏం తేవాలో ఉంది. ఇంతకంటే ఏం కావాలి? మాకు తెలుగులో పంపండి అని ఆసుపత్రిలో అడగవచ్చు. నలుగురు కలిసి అడిగితే ఇంకా మంచిది.

దొంగ మెసేజీలు

మంచి మెసేజీలతో పాటు మోసం చేసే మెసేజీలూ వస్తాయి. "మీకు ఉచిత వైద్యం వచ్చింది. ఇక్కడ నొక్కండి" అంటాయి. "ఓటీపీ చెప్పండి" అంటాయి. తారీఖు గుర్తు చేయడానికి ఆసుపత్రికి ఓటీపీతో పని లేదు. బ్యాంకు ఖాతా నంబరుతో పని లేదు. డబ్బుతో పని లేదు. ఇవి అడిగితే అనుమానించాలి.

2025 నుంచి కార్యాలయాలు, కంపెనీలు పంపే మెసేజీల్లో పంపినవారి పేరు చివర ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటోంది. ప్రభుత్వం పంపితే "జి" అక్షరం ఉంటుంది. ప్రకటన అయితే "పి" అక్షరం ఉంటుంది. ఈ రెండు అక్షరాలు ఎలా ఉంటాయో అడిగి నేర్చుకోండి. డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి.

మెసేజీ వచ్చాక ఏం చేయాలి?

1. తారీఖు గట్టిగా చదవాలి. ఇంట్లో వాళ్లకు వినిపించాలి. గోడ క్యాలెండరు మీద ఆ తారీఖు చుట్టూ గుండ్రంగా గీత గీయాలి.

2. ముందు రోజు రాత్రే సంచి సర్దాలి. మందుల చీటీ, పాత పరీక్షల కాగితాలు, మిగిలిన మాత్రలు పెట్టుకోవాలి.

3. పరగడుపున రమ్మంటే పొద్దున ఏమీ తినకూడదు. కాఫీ, టీ కూడా తాగకూడదు. మంచినీళ్లు తాగవచ్చు.

4. తినకుండా షుగరు మాత్ర వేసుకోకూడదు. ఇన్సులిన్ చేసుకోకూడదు. వేసుకుంటే షుగరు బాగా పడిపోవచ్చు. మీ మందు ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టరుగారిని అడగాలి.

5. టిఫిను కట్టుకుని వెళ్లాలి. రక్తం ఇచ్చాక తినాలి. సంచిలో కాస్త పంచదార ఉంచుకోవాలి. చెమటలు పట్టినా, చేతులు వణికినా, కళ్లు తిరిగినా షుగరు పడిపోయిందేమో అనుకోవాలి. వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగాలి. తగ్గకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు. 108కి ఫోను చేయాలి.

6. తిరిగి వచ్చే ముందు తరవాతి తారీఖు అడగాలి. చీటీ మీద రాయించుకోవాలి. సొంతంగా రాసుకుంటే ఇంకా మేలు.

ఆ రోజు వెళ్లలేకపోతే?

వరద వచ్చింది. చావు కబురు వచ్చింది. ఒంట్లో బాగోలేదు. ఏదైనా కావచ్చు. అప్పుడు మందు మానకూడదు. ఏఎన్ఎంకు గాని, ఆశా కార్యకర్తకు గాని చెప్పాలి. మాత్రలు ఎన్ని రోజులకు ఉన్నాయో లెక్క పెట్టాలి. వీలైనంత త్వరగా వెళ్లాలి. వానాకాలం ముందే కొన్ని రోజుల మాత్రలు అదనంగా ఇవ్వమని లంక ఊళ్ల వాళ్లు అడగవచ్చు.

మెసేజీ పంపే ఏర్పాటు అన్ని ఆసుపత్రుల్లో ఉండదు. మెసేజీ లేకపోయినా దారులు ఉన్నాయి. ఫోనులో అలారం పెట్టుకోవచ్చు. డ్వాక్రా సమావేశంలో "ఈ నెల ఎవరి తారీఖు ఎప్పుడు?" అని అడిగి పుస్తకంలో రాయవచ్చు. ఇద్దరు ముగ్గురు ఒకే రోజు తారీఖు అడిగి తీసుకోవచ్చు. ఒకరికొకరు తోడు. ఒకరు మరిచినా ఇంకొకరికి గుర్తుంటుంది.

గుర్తుంచుకోండి

షుగరు నొప్పి పెట్టదు. బాగుంది కదా అని ఆసుపత్రి మానొద్దు.
తారీఖు దాటినా పరవాలేదు. మర్నాడైనా వెళ్లాలి.
మన మెసేజీ మనకు అందే నంబరు ఇవ్వాలి.
ఇంకొకరి మెసేజీ మన ఫోనుకు వస్తే వెంటనే చెప్పాలి. మన చేతిలో ఉన్నది వాళ్ల కాలు, వాళ్ల కన్ను.

కొత్త మాటలు

మధుమేహం – షుగరు జబ్బు
పరగడుపు – పొద్దున ఏమీ తినక ముందు
మూత్రపిండాలు – రక్తాన్ని వడకట్టి మూత్రం చేసే అవయవాలు
స్పర్శ – తగిలితే తెలియడం

జవాబులు చెప్పండి

1. అత్తకు పుండు పడినా నొప్పి ఎందుకు తెలియలేదు?
2. మెసేజీ వచ్చినా ఆమె ఆసుపత్రికి ఎందుకు వెళ్లలేదు? తప్పు ఎవరిది? మీ మాట చెప్పండి.
3. మెసేజీ పంపినా 100 మందిలో 21 మంది రాలేదు. మీ ఊళ్లో అయితే వాళ్లు ఎందుకు రారు?

ఖాళీలు నింపండి

1. తెలుగు మెసేజీలో ....... అక్షరాలే పడతాయి.
2. కళ్లు ....... కి ఒకసారి చూపించుకోవాలి.
3. ఆసుపత్రి మెసేజీ ....... అడగదు.

చేసి చూడండి

మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని షుగరు ఉన్నవాళ్లు ఉన్నారా? వాళ్ల మందుల చీటీ అడిగి చూడండి. తరవాతి తారీఖు ఎప్పుడో చదవండి. వాళ్లకు గుర్తు చేస్తూ ఒక చిన్న మెసేజీ రాయండి. తారీఖు, వారం, తేవలసినవి అందులో ఉండాలి. ముందు కాగితం మీద రాయండి. తరవాత ఫోనులో పంపండి.